ఒకే సర్వర్‌లో పలు ప్రపంచాలు: కమాండ్ దేన్ని మారుస్తుంది, దేన్ని ముట్టుకోదు

క్లుప్తంగా: బ్లాకులతో కట్టుకుని ఆడే మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్‌లో ఒక వరల్డ్, అంటే ఆట జరిగే ఒక ప్రపంచం, మూడు చోట్ల ఉంటుంది. డిస్కు మీద ఫోల్డర్‌గా, ప్లగిన్ (సర్వర్‌కు అదనపు పనులు నేర్పే చేర్పు) జాబితాలో ఒక నమోదుగా, నడుస్తున్న సర్వర్ మెమరీలో ఒక రూపంగా. ఒక్కో కమాండ్ వీటిలో ఒక్కోదాన్ని తాకుతుంది. ఆటగాడి సామాను మాత్రం ఈ మూడింటికీ బయట ఉంటుంది. కట్టడాలు చెరిగిపోవడానికి, సరుకు కనిపించకుండా పోవడానికి చాలావరకు ఈ తేడా తెలియకపోవడమే కారణం.

విశాఖపట్నంలో వేసవి సెలవులు మొదలైతే మధ్యాహ్నపు ఎండకు పిల్లలు గడప దాటరు. మధురవాడలోనో గాజువాకలోనో ఒక అపార్ట్‌మెంట్ పిల్లలు, వారి బడి స్నేహితులు కలిసి ఇంట్లోని పాత కంప్యూటర్ మీద మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. మొదట్లో అందరూ ఒకే అడవిలో చెట్లు కొట్టుకుంటూ ఆడతారు. కొన్నాళ్లకు కోరికలు వేరవుతాయి. ఒకరికి రాత్రిపూట శత్రువులతో పోరాడే సర్వైవల్ కావాలి. మరొకరికి బీచ్ రోడ్డును, దాని ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామిని కొలతల ప్రకారం కట్టుకునే క్రియేటివ్ కావాలి. చిన్నవాళ్లకు తమను ఎవరూ కొట్టని చోటు కావాలి. ఒక్క కంప్యూటర్ మీద మూడు సర్వర్లు నడపడం కష్టం కాబట్టి ఒకే సర్వర్‌లో పలు వరల్డ్‌లు పెట్టుకునే పద్ధతి వైపు మళ్లుతారు.

పెట్టుకోవడం తేలికే. ఒక ప్లగిన్ వేసి నాలుగైదు కమాండ్లు నేర్చుకుంటే సరిపోతుంది. చిక్కంతా తర్వాత వస్తుంది. సెలవులన్నీ కూర్చుని కట్టిన వీధి ఒక్క కమాండ్‌తో చెరిగిపోతుంది. క్రియేటివ్‌లో ఊరికే తీసుకున్న వజ్రాలు సర్వైవల్‌లో తేలతాయి. నెదర్ అనే నిప్పుల లోకానికి వెళ్లినవాడు తిరిగొచ్చేసరికి వేరే వరల్డ్‌లో ఉంటాడు. ఇవి విడివిడి ప్రమాదాల్లా కనిపించినా అన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే. ఆడేవారి కంటికి వరల్డ్ ఒక ఊరు. సర్వర్ లెక్కలో అది కొన్ని ఫైళ్లు, ఒక నమోదు, కొంత మెమరీ.

ఇక్కడ కమాండ్లు చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఉన్నాయి. ఆటలో వాటిని ముందు ఏటవాలు గీత పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.

పుట్టుకతోనే మూడు

కొత్తగా పెట్టిన ఏ సర్వర్‌లోనైనా మూడు వరల్డ్‌లు ముందే ఉంటాయి. మామూలు నేల ఉండే ఓవర్‌వరల్డ్, నిప్పుల నెదర్, డ్రాగన్ కాపలా ఉండే ఎండ్. సర్వర్ సెట్టింగుల ఫైలులో ‘లెవెల్ నేమ్’ అనే చోట రాసిన పేరే మెయిన్ వరల్డ్‌కు వస్తుంది. 2020లో వచ్చిన 1.16 వెర్షన్ నుంచి డేటాప్యాక్ (ఆట తీరును మార్చే ఫైళ్ల కట్ట) రాసి కొత్త డైమెన్షన్లు, అంటే అదనపు లోకాలు, చేర్చుకోవచ్చు. ‘ఎగ్జిక్యూట్ ఇన్’ కమాండ్‌తో వాటిలోకి వెళ్లవచ్చు కూడా. అయితే కొత్తది చేర్చాలంటే ఫైళ్లు రాయాలి, సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్కో వరల్డ్‌కు ఒక్కో ఆట పద్ధతి, ఒక్కో సామాను కావాలంటే కంపెనీ ఇచ్చే మామూలు సర్వర్‌లో నేరుగా దారి లేదు.

ఆ లోటు తీర్చడానికే ప్లగిన్లు వచ్చాయి. 2010 చివర్లో మొదలైన బుకిట్ అనే సాఫ్ట్‌వేర్ ప్లగిన్లకు తలుపు తెరిచింది. 2014లో కాపీరైట్ వివాదంతో దాని పంపిణీ ఆగింది. ఆ వారసత్వం స్పిగాట్‌కు, అక్కడి నుంచి పేపర్‌కు వచ్చింది. ఈ కుటుంబంలోని సర్వర్లలో వరల్డ్‌ల నిర్వహణకు ఎక్కువగా వాడే ప్లగిన్ మల్టీవర్స్ కోర్. దాని కమాండ్లన్నీ ‘ఎంవీ’ అనే రెండు అక్షరాలతో మొదలవుతాయి.

ఫోల్డర్, జాబితా, మెమరీ

‘ఎంవీ క్రియేట్ బీచ్‌రోడ్ నార్మల్’ అని కొట్టగానే మూడు పనులు జరుగుతాయి. డిస్కు మీద బీచ్‌రోడ్ అనే ఫోల్డర్ పుడుతుంది. ప్లగిన్ తన వరల్డ్‌ల జాబితా ఫైలులో ఆ పేరు రాసుకుంటుంది. సర్వర్ ఆ వరల్డ్‌ను మెమరీలోకి తెచ్చుకుంటుంది. మూడూ ఒక్క క్షణంలో, ఒక్క కమాండ్‌తో జరిగిపోవడం వల్ల అవి మూడు వేర్వేరు విషయాలని ఎవరికీ తట్టదు. తర్వాతి అపార్థాలకు బీజం ఇక్కడే పడుతుంది. ఎందుకంటే మిగతా కమాండ్లు మూడింటినీ కలిపి తాకవు.

‘అన్‌లోడ్’ మెమరీని మాత్రమే ఖాళీ చేస్తుంది. ఫోల్డర్ అలాగే ఉంటుంది, జాబితాలో పేరూ ఉంటుంది. ‘లోడ్’ అంటే మళ్లీ తెరుచుకుంటుంది. ఆటో లోడ్ ఆన్‌లో ఉంటే సర్వర్ తిరిగి మొదలైనప్పుడు ఎవరూ చెప్పకపోయినా తెరుచుకుంటుంది. మెయిన్ వరల్డ్‌ను మాత్రం అన్‌లోడ్ చేయడం కుదరదు.

‘రిమూవ్’ పేరు వినగానే భయం వేస్తుంది. నిజానికి అది జాబితాలో పేరు కొట్టేస్తుంది, అంతే. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం మాయం కానట్టే ఫోల్డర్ డిస్కు మీద చెక్కుచెదరకుండా ఉంటుంది. ‘ఇంపోర్ట్’ కమాండ్‌తో దాన్ని మళ్లీ నమోదు చేసుకోవచ్చు.

‘డిలీట్’ అలా కాదు. అది ఫోల్డర్‌నే తుడిచేస్తుంది. మరోసారి నిర్ధారించమని ప్లగిన్ అడుగుతుంది, కానీ అలవాటుపడిన చేయి చదవకుండానే నిర్ధారించేస్తుంది. ఆ తర్వాత వెనక్కి తెచ్చే కమాండ్ ఏదీ లేదు. ‘రీజెన్’ కూడా ఇంతే ప్రమాదకరం. వరల్డ్‌ను బాగుచేసే కమాండ్ అనుకుని దాన్ని వాడేవారు ఉంటారు. అది ఉన్న నేలను చెరిపి మొదటి నుంచి కొత్తగా పుట్టిస్తుంది. నేల రూపాన్ని నిర్ణయించే సంఖ్యను సీడ్ అంటారు. పాత సీడ్‌తోనే పుట్టిస్తే కొండలు, నదులు పాత చోట్లనే వస్తాయి. మనుషులు కట్టిన గోడ ఒక్కటీ రాదు.

‘ఇంపోర్ట్’ దగ్గర జరిగే పొరపాటు ఇంత పెద్దది కాదు గానీ ఎక్కువసార్లు కనిపిస్తుంది. ఆకాశంలో ఒక్క దీవి తప్ప అంతా శూన్యంగా ఉండే స్కైబ్లాక్ వరల్డ్‌ను తెచ్చుకున్నారనుకుందాం. శూన్యాన్ని పుట్టించే జనరేటర్ ప్లగిన్ పేరు చెప్పకుండా ఇంపోర్ట్ చేస్తే దీవి బాగానే కనిపిస్తుంది. ఆటగాడు వంతెన వేసుకుంటూ ముందుకు వెళ్లేకొద్దీ శూన్యం ఉండాల్సిన చోట ఒక్కసారిగా కొండలు, గడ్డి మైదానాలు లేస్తాయి. ముందే పుట్టి ఫైలులో చేరిన ముక్కలు అలాగే ఉంటాయి. కొత్తగా పుట్టే ముక్కలు మామూలు నేలగా పుడతాయి. ఫైలు పాడైందని కంగారు పడనక్కర్లేదు. జనరేటర్ పేరు ఇచ్చి మళ్లీ నమోదు చేస్తే అక్కడి నుంచి శూన్యమే వస్తుంది. ఈలోగా పుట్టిన కొండలు మాత్రం ఉండిపోతాయి.

చేత్తో కాపీ చేస్తే ఎందుకు తెరుచుకోదు

కురుసుర ఉదాహరణను కాస్త దగ్గరగా చూస్తే ఈ వ్యవస్థ పనితీరు బాగా తెలుస్తుంది. ఆ జలాంతర్గామి పొడవు 91 మీటర్ల పైచిలుకు. ఆటలో ఒక బ్లాక్‌ను ఒక మీటరుగా తీసుకుంటారు. సర్వర్ నేలను 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు గల చంకులుగా కోసుకుంటుంది. కాబట్టి కురుసుర పొడవునా దాదాపు ఆరు చంకులు పరుచుకుంటుంది. పొడవుకు 32, వెడల్పుకు 32 చొప్పున 1,024 చంకులను కలిపి ఒక రీజియన్ ఫైలులో దాస్తారు. అంటే ఒక్కో ఫైలు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు నేల. 2021 నవంబరులో వచ్చిన 1.18 వెర్షన్ నుంచి ఎత్తు 384 బ్లాకులు. ఒక్క చంకులోనే 98,304 బ్లాకుల స్థానాలు ఉంటాయి.

ఇంత కట్టాక, కొత్త ఆలోచనలు ప్రయత్నించడానికి ఒక నకలు ఉంటే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. బీచ్‌రోడ్ ఫోల్డర్‌ను కాపీ చేసి పక్కన అతికించి, పేరు మార్చి ఇంపోర్ట్ చేస్తారు. సర్వర్ ఒప్పుకోదు. ఇది వేరొక వరల్డ్‌కు నకలు, తెరవడం కుదరదు అంటుంది. పేరు మార్చినా ఎలా గుర్తుపట్టింది? ఫోల్డర్ లోపల ‘యూఐడీ డాట్ డ్యాట్’ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఆ వరల్డ్ గుర్తింపు సంఖ్య అందులో ఉంటుంది. కాపీ చేసినప్పుడు అదీ కాపీ అయింది. ఒకే గుర్తింపుతో రెండు వరల్డ్‌లు తెరిస్తే ప్లగిన్లు ఒకదాని సమాచారాన్ని మరొకదానికి రాసే ప్రమాదం ఉంది కాబట్టి సర్వర్ రెండోదాన్ని ఆపేస్తుంది. నకలులోని ఆ ఫైలును తీసేస్తే సర్వర్ కొత్త గుర్తింపు ఇచ్చి తెరుస్తుంది. అసలు ఈ శ్రమ లేకుండా ‘ఎంవీ క్లోన్’ కమాండ్ వాడితే అదే అన్నీ చూసుకుంటుంది. ఈ చిన్న ఫైలు సంగతి తెలియక, నకలు తెరుచుకోవడం లేదని అసలు ఫోల్డర్‌ను కదిలించి నష్టపోవడం చాలా బాధాకరం. సర్వర్ చూపే సందేశంలోనే ఏ ఫైలు తీసేయాలో రాసి ఉంటుంది.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. వరల్డ్ పేరులో ఖాళీలు, పెద్ద అక్షరాలు లేకపోతే మంచిది. అద్దె సర్వర్లు చాలావరకు లినక్స్ మీద నడుస్తాయి. లినక్స్‌కు పెద్ద ‘బీ’తో మొదలయ్యే బీచ్‌రోడ్, చిన్న ‘బీ’తో మొదలయ్యే బీచ్‌రోడ్ రెండు వేర్వేరు ఫోల్డర్లు. ఇంట్లోని విండోస్ కంప్యూటర్ మీద బాగా నడిచినది అక్కడికి మార్చాక కనిపించకపోవడానికి ఇది ఒక కారణం.

సామాను వరల్డ్‌ది కాదు, ఆటగాడిది

వరల్డ్ మారితే చేతిలోని వస్తువులూ మారతాయని చాలామంది అనుకుంటారు. మారవు. ఆటగాడి సామాను, ప్రాణం, ఆకలి, అనుభవ పాయింట్లు అన్నీ మెయిన్ వరల్డ్ ఫోల్డర్‌లో ఆటగాడి గుర్తింపు సంఖ్యతో ఒకే ఫైలులో ఉంటాయి. ఎన్ని వరల్డ్‌లు తిరిగినా ఆ ఫైలు ఒక్కటే. మల్టీవర్స్ కోర్ ఒక్కో వరల్డ్‌కు ఆట పద్ధతిని మార్చగలదు కానీ సామానును విడదీయదు. అందుకే క్రియేటివ్‌లో వజ్రాల కట్టలు తీసుకుని సర్వైవల్‌లోకి రావడం ఏ లోపమూ లేకుండానే సాధ్యమవుతుంది. ఒక్కరు ఆ పని చేస్తే చాలు, మిగతావారు గనులు తవ్విన శ్రమకు విలువ పోతుంది. చాలా చిన్న సర్వర్లలో గొడవ మొదలయ్యేది ఇక్కడే.

విడదీయడానికి మల్టీవర్స్ ఇన్వెంటరీస్ అనే వేరే ప్లగిన్ ఉంది. అది వరల్డ్‌లను గ్రూపులుగా చూస్తుంది. ఒక గ్రూపులోని వరల్డ్‌ల మధ్య సామాను ఉమ్మడి. గ్రూపు దాటితే వేరు. మెయిన్ వరల్డ్, దాని నెదర్, దాని ఎండ్ కలిపి ఒక గ్రూపు ముందే ఉంటుంది. తర్వాత ‘అడవి’ అని మరో సర్వైవల్ వరల్డ్, దానికి ఒక నెదర్ సృష్టించి, ఆ రెంటినీ గ్రూపుగా చేర్చడం మరిచిపోతే ఏమవుతుంది? అడవిలో కవచం తొడుక్కుని ద్వారంలోకి అడుగుపెట్టిన ఆటగాడు నెదర్‌లో ఒట్టి చేతులతో తేలతాడు. సరుకు పోయిందని అనుకుంటాడు. పోలేదు, అడవి ఖాతాలో భద్రంగా ఉంది. వెనక్కి వస్తే దొరుకుతుంది. ఇది తెలియక నిర్వాహకుడిని నిందించి, అతను జాలిపడి కొత్త సరుకు ఇచ్చేస్తే ఆ ఆటగాడి దగ్గర రెండింతలు అవుతుంది.

ద్వారం కూడా కోర్ ప్లగిన్ చూసుకునే పని కాదు. అడవిలో కట్టిన నెదర్ ద్వారం మామూలుగా మెయిన్ వరల్డ్ నెదర్‌కే తెరుచుకుంటుంది. అక్కడి నుంచి వెనక్కి వస్తే అడవికి కాక మెయిన్ వరల్డ్‌కు చేరతారు. ఒక్కో వరల్డ్‌కు దాని సొంత నెదర్‌ను కలపడానికి మల్టీవర్స్ నెదర్ పోర్టల్స్ అవసరం. అడవి అనే వరల్డ్‌కు ‘అడవి_నెదర్’ అనే పేరుతో జత ఉంటే అది తనంతట తానే కలుపుతుంది. నెదర్‌లో ఒక అడుగు బయట ఎనిమిది అడుగులకు సమానం కాబట్టి ద్వారం తప్పుచోట తెరుచుకుంటే ఆటగాడు చాలా దూరంలో తేలతాడు.

బరువు ఎక్కడ పడుతుంది

ఆట తడబడితే పిల్లలు అడిగేది ఎక్కువ ర్యామ్. తల్లిదండ్రులు డబ్బు పెట్టాక కూడా తడబాటు తగ్గకపోవడం మామూలే. కారణం సర్వర్ పనిచేసే తీరులో ఉంది. అది సెకనుకు 20 సార్లు లోకాన్నంతా లెక్కగడుతుంది. ఒక్కో లెక్కకు దొరికే సమయం 50 మిల్లీసెకన్లు. ఆ లెక్క ముఖ్యంగా ఒకే థ్రెడ్ (ప్రాసెసర్ చేసే పనుల వరుస) మీద, ఒక వరల్డ్ తర్వాత మరొకటిగా జరుగుతుంది. సర్వైవల్‌కు, క్రియేటివ్‌కు, స్కైబ్లాక్‌కు తలా 20 మిల్లీసెకన్లు పట్టాయనుకుంటే మొత్తం 60 అవుతుంది. అప్పుడు సెకనుకు 20కి బదులు దాదాపు 17 సార్లే లోకం కదులుతుంది. క్రియేటివ్‌లో ఒకరు పెట్టిన పెద్ద యంత్రం సర్వైవల్‌లో ఉన్నవారిని తడబెట్టడానికి కారణం ఇదే. వరల్డ్‌లు వేరైనా గడియారం ఒక్కటే. ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లు ఉన్నా ఈ ప్రధాన లెక్కకు పెద్దగా ఉపయోగపడవు. 2023లో పేపర్ బృందం తెచ్చిన ఫోలియా ఈ పనిని పలు థ్రెడ్లకు పంచుతుంది, కానీ మామూలు ప్లగిన్లు చాలావరకు దానిపై నడవవు.

ఎవరూ లేని వరల్డ్ ఊరికే ఉండదు. పాత వెర్షన్లలో ఆటగాళ్లు మొదట దిగే చోటు చుట్టూ ఉన్న చంకులను సర్వర్ ఎప్పుడూ మెమరీలో ఉంచుకునేది. పది వరల్డ్‌లు సృష్టించి మరిచిపోతే అవి పది చోట్ల మెమరీ తినేవి. వాడని వరల్డ్‌ను డిలీట్ చేయనక్కర్లేదు. అన్‌లోడ్ చేసి ఆటో లోడ్ ఆపితే భారం పోతుంది, కట్టినది మిగులుతుంది.

దూరం వల్ల వచ్చే ఆలస్యం వేరు. ఫైబర్‌లో వెలుగు ఒక మిల్లీసెకనులో సుమారు 200 కిలోమీటర్లు వెళ్తుంది. విశాఖ నుంచి ముంబై గాలిదారిన దాదాపు 1,100 కిలోమీటర్లు. పోయి రావడానికి కనీసం 11 మిల్లీసెకన్లు. సింగపూర్ 2,900 కిలోమీటర్ల దగ్గర ఉంది, కనీసం 29. అసలు కేబుల్ దారులు వంకర కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువ. 2025 అక్టోబరులో విశాఖలో భారీ డేటా సెంటర్ పెడతామని గూగుల్ ప్రకటించాక ఇక్కడి ఆటగాళ్లలో ఆశలు పెరగడం సహజమే. ఊళ్లోనే సర్వర్ ఉంటే పింగ్, అంటే ఈ పోయి వచ్చే సమయం, తగ్గుతుంది. సెకనుకు 20 లెక్కలు చేయలేక చతికిలబడిన సర్వర్ మాత్రం పక్క గదిలో ఉన్నా తడబడుతుంది. పేపర్‌లో ‘టీపీఎస్’ కమాండ్ కొట్టి చూస్తే సెకనుకు జరిగే లెక్కల సంఖ్య 20కి దగ్గరగా ఉందో లేదో తెలుస్తుంది. 20 ఉండి కూడా ఆట ఆగుతుంటే నెట్ వైపు చూడాలి. 14, 15 ఉంటే వరల్డ్‌ల వైపు చూడాలి. ఖర్చు పెట్టేముందు చేయవలసిన పరీక్ష ఇది.

ఎవరి చేతిలో ఏ కమాండ్

స్నేహితులందరికీ ఆప్ హోదా, అంటే నిర్వాహకుడి అధికారం, ఇచ్చేయడం చిన్న సర్వర్లలో అలవాటు. ఆప్ ఉన్నవారికి డిలీట్ కూడా అందుబాటులో ఉంటుంది. లక్‌పెర్మ్స్ లాంటి అనుమతుల ప్లగిన్ వేస్తే ఒక అనుమతిని ఒక్క వరల్డ్‌కే పరిమితం చేయవచ్చు. బీచ్‌రోడ్‌లో ఎగరగలిగే ఆటగాడు అడవిలో ఎగరలేడు. మల్టీవర్స్‌లో ఏ వరల్డ్‌లోకి ఎవరు రావచ్చో కూడా చెప్పవచ్చు. ప్రవేశ తనిఖీ అనే ఎంపికను ఆన్ చేసినప్పుడే అది అమలవుతుంది. అది ఆపి ఉంచి అనుమతులు ఎంత జాగ్రత్తగా రాసినా తలుపు తెరిచే ఉంటుంది.

వేరే దారులు

ఆటగాళ్లకు, సర్వర్లకు మధ్య నిలిచే వెలాసిటీ అనే ప్రాక్సీ వెనక రెండు మూడు సర్వర్లను ఉంచి, ‘సర్వర్’ కమాండ్‌తో ఒకదాని నుంచి మరొకదానికి ఆటగాళ్లను పంపవచ్చు. అప్పుడు ఒక్కోదానికి ఒక్కో గడియారం. సామాను సహజంగానే వేరు. కానీ మెమరీ రెండు మూడు రెట్లు కావాలి. పదిమంది ఆడే ఇంటి సర్వర్‌కు ఇది మించిన బరువు. గతంలో మైన్‌టెస్ట్‌గా పిలిచిన ఉచిత సాఫ్ట్‌వేర్ లుయాంటీలో ఒక సర్వర్‌కు ఒకే వరల్డ్. మరొకటి కావాలంటే మరో సర్వర్‌ను వేరే పోర్టు మీద నడపాలి.

విశాఖ పిల్లల్లో ఫోను మీద ఆడేవారికి మరో అడ్డంకి ఉంది. ఫోనులో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్. దాని అధికారిక సర్వర్ ఒకసారికి ఒక వరల్డ్‌నే నడుపుతుంది, మల్టీవర్స్ దానికి లేదు. ఇప్పటివరకు చెప్పినది కంప్యూటర్ మీద ఆడే జావా ఎడిషన్ గురించి. ఆ జావా సర్వర్‌లోకి ఫోను నుంచి రావాలంటే మధ్యలో గీజర్ అనే ప్లగిన్ రెండు ఎడిషన్ల సంభాషణను మార్చి అందించాలి. అది ఉంటే కంప్యూటర్ లేని పిల్లలూ అదే బీచ్ రోడ్డు మీద నడవగలరు. ఇది శ్రమకు తగిన ఫలం ఇచ్చే ఏర్పాటు.

వెర్షన్లు, బ్యాకప్

కమాండ్లు పనిచేయడం లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి పాత వీడియోలే కారణం. మల్టీవర్స్ ఐదో తరంలో కొన్ని కమాండ్ల తీరు మారింది. ఉదాహరణకు ఒక వరల్డ్‌లో ఆటగాళ్ల మధ్య పోరు ఆపే ‘మోడిఫై’ కమాండ్‌లో గతంలో వరల్డ్ పేరు చివర వచ్చేది, ఇప్పుడు ముందు వస్తుంది. పాత వరుసలో కొడితే ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది. ప్లగిన్ వెర్షన్ చూసుకుని, ‘ఎంవీ హెల్ప్’లో వచ్చే వరుసను నమ్మడం మేలు. ఆట వెర్షన్ పెంచడం మాత్రం ఒకవైపు దారి. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచిన వరల్డ్‌ను పాత వెర్షన్‌లో తెరవడానికి భరోసా లేదు.

కరెంటు పోయి కంప్యూటర్ హఠాత్తుగా ఆగితే, రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిన రీజియన్ ఫైలు పాడవచ్చు. ఇంటి సర్వర్‌కు చిన్న యూపీఎస్ ఉంటే, కన్సోల్‌లో ‘స్టాప్’ కొట్టి మర్యాదగా ఆపడానికి సమయం దొరుకుతుంది. బ్యాకప్ కూడా సర్వర్ ఆపాకే తీయాలి. ఆ బ్యాకప్‌లో వరల్డ్ ఫోల్డర్ ఒక్కటే పెట్టుకుంటే గోడలు తిరిగొస్తాయి గానీ మిగతావి రావు. ఆటగాళ్ల ఫైళ్ల కోసం మెయిన్ వరల్డ్ ఫోల్డర్, నమోదుల కోసం మల్టీవర్స్ కోర్ ఫోల్డర్, విడివిడి సామాను కోసం మల్టీవర్స్ ఇన్వెంటరీస్ ఫోల్డర్, అనుమతుల కోసం లక్‌పెర్మ్స్ ఫోల్డర్ అన్నీ ఒకే రోజువి అయి ఉండాలి. వేర్వేరు రోజులవి కలిపితే, పెట్టెలో దాచిన వజ్రాలు పెట్టెలోనూ ఆటగాడి చేతిలోనూ రెండుచోట్లా ఉంటాయి, లేదా రెండుచోట్లా ఉండవు.